నాలుగు గంటల దూరం... రెండేళ్ల ప్రయాణం!

ఫోన్ తీసి ‘హైదరాబాద్ టు దుబాయ్’ అని కొట్టండి. రెప్ప వేసేలోగా జవాబు వచ్చేస్తుంది. దాదాపు 2,550 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఎంత దూరమో, దానికి అటూ ఇటుగా రెట్టింపు. శంషాబాద్‌లో విమానం ఎక్కి ఒక పెద్ద సినిమా చూసి, ఓ కునుకు తీస్తే దుబాయ్‌లో దిగిపోవచ్చు. నాలుగు రోజులు సెలవు పెట్టి బుర్జ్ ఖలీఫా ముందు సెల్ఫీ దిగి వచ్చేవాళ్లకి ఈ జవాబు చాలు.

అదే ప్రశ్న జగిత్యాల దగ్గరో, సిరిసిల్ల దగ్గరో ఏదైనా ఊళ్లో అడిగి చూడండి. “దుబాయి ఎంత దూరం?” అంటే కిలోమీటర్లు ఎవరూ చెప్పరు. “మావోడు పోయి రెండేండ్లు దాటింది” అంటారు. అసలు అక్కడ దుబాయి అంటే ఒక్క నగరమే కాదు. సౌదీ పోయినా, మస్కట్ పోయినా, ఖతార్ పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్న మాట మీరూ వినే ఉంటారు. ఉత్తర తెలంగాణలో బతుకుదెరువుకి ఉన్న దారులు ఆ మూడేనని చెప్పే మాట అది.

రెండు ఊళ్లు అవే. ఒకరికి నాలుగు గంటలు, ఇంకొకరికి రెండేళ్లు. ఇదెలా? ముందు ఆ నాలుగు గంటల సంగతి చూసి, తర్వాత రెండేళ్ల దగ్గరికి వద్దాం.

టికెట్ మీద గారడీ

మొదటిసారి దుబాయ్ టికెట్ చూసినవాళ్లకి ఒక డౌట్ వస్తుంది. ఉదాహరణకి హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకి బయల్దేరే విమానం దుబాయ్‌లో మధ్యాహ్నం 12.30కి దిగుతుందని రాసి ఉంటుంది. అంటే రెండున్నర గంటలేనా? తిరుగు టికెట్ చూస్తే ఇంకా గందరగోళం. దుబాయ్‌లో ఉదయం 10కి ఎక్కితే హైదరాబాద్‌లో మధ్యాహ్నం 3కి దింపుతుంది. అంటే ఐదు గంటలా?

రెండూ కాదు. టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే ఉంటుంది. మన గడియారం గ్రీన్‌విచ్ కంటే 5.30 గంటలు ముందుంటే, దుబాయ్‌ది 4 గంటలే ముందుంటుంది. తేడా గంటన్నర. పోయేటప్పుడు ఆ గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అలా లెక్కేస్తే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర గంటలు.

ఇక్కడే రెండో డౌట్. దారి ఒక్కటే అయినప్పుడు రావడానికి అరగంట తక్కువ ఎందుకు?

గాలి వాటం

విమానం 10, 12 కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. అక్కడ గాలి కూడా నదిలా పారుతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీదా, అరేబియా మీదా పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. దుబాయ్ మనకి పడమర. కాబట్టి పోయేటప్పుడు ఏటికి ఎదురీత, వచ్చేటప్పుడు వాలు పడవ.

చిన్న లెక్క వేసుకుందాం. విమానం సొంత వేగం గంటకి 840 కిలోమీటర్లు అనుకుందాం. గాలి లేకపోతే 2,550 కిలోమీటర్లకి 3 గంటల 2 నిమిషాలు. గంటకి 100 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే 3 గంటల 27 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 2 గంటల 43 నిమిషాలు. ఏకంగా 44 నిమిషాల తేడా! రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, పైకి ఎక్కడం, దిగడానికి వరసలో ఆగడం కలిపితే టికెట్ మీద కనిపించే అంకె తయారవుతుంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. పోయేటప్పుడు గాలి వల్ల పోగొట్టుకున్న టైమ్ వచ్చేటప్పుడు మొత్తం తిరిగి రాదు. పైన చెప్పిన లెక్కలో గాలి లేకపోతే రానుపోను 6 గంటల 4 నిమిషాలు. గాలి ఉంటే 6 గంటల 10 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వాలుగాలిలో తక్కువసేపు ఉంటాం కాబట్టి ఈ ఆరు నిమిషాల నష్టం తప్పదు.

ఈ పై గాలుల్ని మొదట కొలిచి రాసినవాళ్లలో జపాన్ శాస్త్రవేత్త వసబురో ఓఇషి ఒకరు. 1920లలో బెలూన్లు ఎగరేసి కొలిచారు. 1926లో ఆ ఫలితాలని ప్రపంచం అంతా చదవాలని ఎస్పెరాంటో భాషలో అచ్చు వేశారు. ఆ భాష వచ్చినవాళ్లు తక్కువ కావడంతో ఆయన మాట చాలాకాలం ఎవరికీ చేరలేదు. వానాకాలంలో మన దక్షిణ భారతం మీద పై ఎత్తుల్లో గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకి వీస్తుందని 1958లో ఒక పరిశోధన పత్రంలో వివరించింది మన తెలుగు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ గాలి అసలు బలం విమానాలు ఎగిరే ఎత్తుకి ఇంకాస్త పైన ఉంటుంది. అయినా వానాకాలంలో హైదరాబాద్ వైపు ఎదురుగాలి తగ్గుతుంది కాబట్టి, పోయే టైమ్‌కీ వచ్చే టైమ్‌కీ తేడా చలికాలమంత ఉండదు.

ఆకాశంలో కంచెలు

మ్యాప్ మీద హైదరాబాద్, దుబాయ్ మధ్య దారం కడితే అది దాదాపు ముంబయి మీదుగా పోతుంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం, తర్వాత ఒమన్ తీరం, హజర్ కొండలు, ఆపైన దుబాయ్. కిటికీ సీటు దొరికితే కాసేపు కింద నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. తర్వాత ఒక్కసారిగా పచ్చదనం లేని గోధుమరంగు కొండలు మొదలవుతాయి.

ఈ దారికి ఒక అదృష్టం ఉంది. నిజానికి ఢిల్లీ మనకంటే దుబాయ్‌కి దగ్గర, దాదాపు 2,200 కిలోమీటర్లే. కానీ ఆ దారి పాకిస్తాన్ మీదుగా పోతుంది. 2019లో ఫిబ్రవరి చివరి నుంచి జూలై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసేసింది. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమాన సంస్థలకి మళ్లీ మూసింది. అప్పుడు ఢిల్లీ విమానాలు గుజరాత్ వైపు దిగి, సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. హైదరాబాద్ దారి ముందే కిందుగా ఉంది కాబట్టి దానికి ఆ బాధ పెద్దగా లేదు.

అలాగని మన దారి ఎప్పుడూ సాఫీగా ఉంటుందనుకోకండి. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో రికార్డులు మొదలయ్యాక ఎన్నడూ లేనంత వాన కురిసింది. దుబాయ్ రన్‌వేలు చెరువులయ్యాయి. నాలుగు గంటల ప్రయాణికులు రోజుల తరబడి ఎయిర్‌పోర్ట్ నేల మీద పడుకున్నారు. 2025 జూన్ 23 రాత్రి ఖతార్ తన గగనతలం మూసేస్తే ఆ కొన్ని గంటలు గల్ఫ్ అంతటా విమానాలు తికమకపడ్డాయి. కిలోమీటర్లు మారవు. గంటలు మాత్రం గాలి చేతిలో, వాన చేతిలో, ప్రభుత్వాల చేతిలో ఉంటాయి.

ఓడ నుంచి విమానం దాకా

ఇప్పుడు దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌లో అడుగు పెడితే అది ఊరా, విమానాశ్రయమా అనిపిస్తుంది. 2024లో అక్కడి నుంచి రాకపోకలు సాగించినవాళ్లు 9.23 కోట్ల మంది. దేశాలవారీగా చూస్తే మొదటి స్థానం మనదే. అదే ఎయిర్‌పోర్ట్ 1960లో మొదలైనప్పుడు ఉన్నది ఇసకని గట్టిగా దిమ్మిస చేసిన రన్‌వే. అంతకుముందు 1937 నుంచి దుబాయ్ క్రీక్ నీళ్ల మీద పడవ విమానాలు దిగేవి. లండన్ వాళ్లకి కరాచీ పోయే దారిలో అదొక మజిలీ.

మామూలు జనానికి మాత్రం ఓడే దిక్కు. బొంబాయి నుంచి గల్ఫ్ రేవులన్నీ తాకుతూ బస్రా దాకా పోయే ఓడలు ఉండేవి. అలా తిరిగే ‘దారా’ అనే ఓడ 1961 ఏప్రిల్ 8న దుబాయ్ దగ్గర పేలిపోయి 238 మంది చనిపోయారు. ఆ దారిలో చివరగా మిగిలిన ‘ద్వారకా’ 1982లో ఆగిపోయింది. అప్పటి దుబాయ్‌లో చెల్లిన డబ్బు ఏమిటో తెలుసా? మన రూపాయి! 1959 నుంచి గల్ఫ్ కోసం రిజర్వ్ బ్యాంక్ వేరే నోట్లే అచ్చు వేసేది. 1966లో రూపాయి విలువ తగ్గించాక, అప్పటికి దాన్ని ఇంకా వాడుతున్న గల్ఫ్ రాజ్యాలు ఒక్కొక్కటిగా దాన్ని వదిలేశాయి. యూఏఈ దిర్హామ్ 1973లో వచ్చింది.

చమురు డబ్బుతో భవనాలు లేస్తున్న రోజుల్లో తెలంగాణ నుంచి పోయేవాళ్లు ముందు రైలెక్కి బొంబాయి చేరేవాళ్లు. సిరిసిల్ల నేతన్నలకి భివండీ మగ్గాల వల్ల ఆ ఊరు అప్పటికే అలవాటు. అక్కడే ఏజెంట్, అక్కడే వీసా కోసం ఎదురుచూపు, అక్కడి నుంచే విమానం. శంషాబాద్ విమానాశ్రయం 2008లో తెరిచారు. ఇప్పుడు బొంబాయి విమానం కిటికీలోంచి కనిపించే ఊరు మాత్రమే.

గడప నుంచి గడపకి

ఇప్పుడు అసలు లెక్క. విమానం నాలుగు గంటలు సరే, మనిషి ప్రయాణం ఎంత?

జగిత్యాల దగ్గరి ఊరు అనుకుందాం. హైదరాబాద్‌కి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. బస్సులో సుమారు ఐదు గంటలు. జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగితే ఊరు ఈ కొస, శంషాబాద్ ఆ కొస. ట్రాఫిక్‌తో కలిపి ఇంకో గంటన్నర. ఎయిర్‌పోర్ట్‌లో మూడు గంటలు ముందుండాలి. విమానం నాలుగు గంటలు. దుబాయ్‌లో ఇమిగ్రేషన్, సామాను, కంపెనీ బండి కోసం ఎదురుచూపు, క్యాంప్ చేరడం అన్నీ కలిపి ఇంకో రెండు గంటలు. మొత్తం 15 గంటలు దాటింది. అందులో ఆకాశంలో గడిపింది పావు వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

క్యాంప్ ఎక్కడ? దుబాయ్‌లో కూలీలు ఎక్కువగా ఉండే చోట్లలో సోనాపూర్ ఒకటి. అధికారికంగా దాని పేరు ముహైస్నా. సోనాపూర్ అంటే బంగారు ఊరు. రీల్స్‌లో కనిపించే దుబాయ్ ఇది కాదు. ఒక్కో గదిలో అంచెల మంచాలు, వంటగదిలో వరస, తెల్లారకముందే వచ్చే కంపెనీ బస్సు. ఎయిర్‌పోర్ట్‌కి దగ్గరే కాబట్టి పైన విమానాల చప్పుడు ఉండనే ఉంటుంది.

సాయంత్రం పని దిగి, స్నానం చేసి, వండుకుని తినేసరికి అక్కడ తొమ్మిది. ఇక్కడ పదిన్నర. ఫోన్ చేస్తే “పిల్ల ఇప్పుడే పండుకుంది” అన్న మాట వినిపిస్తుంది. టికెట్ మీద చిన్న గారడీలా కనిపించిన ఆ గంటన్నర ఇక్కడ రోజూ ఒక తండ్రికి కూతురి గొంతు వినపడకుండా చేస్తుంది. ఇంకో సంగతి... వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, వాయిస్ నోట్ పోతుంది. కానీ యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కి అనుమతి లేదు. అందుకే గల్ఫ్ ఇళ్లల్లో అమ్మల ఫోన్లలో కూడా ‘బోటిమ్’ లాంటి యాప్‌లు ఉంటాయి.

రెండేళ్ల లెక్క ఎక్కడిది?

యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఏడాది పనిచేసినవాళ్లకి 30 రోజుల జీతంతో సెలవు ఉంది. మరి ఏటా రావచ్చు కదా? సెలవు చట్టం ఇస్తుంది, టికెట్ ఎవరు ఇస్తారు? కూలీల కాంట్రాక్టుల్లో చాలావాటిలో కంపెనీ టికెట్ రెండేళ్లకోసారే. మధ్యలో రావాలంటే సొంత డబ్బు. స్కూళ్ల సెలవులకీ పండగలకీ టికెట్ ధరలు చుక్కలంటుతాయి. పోవడానికి ఏజెంట్‌కి కట్టిన అప్పు తీరకముందే ఇంకో అప్పు ఎవరు చేస్తారు? అలా నాలుగు గంటల దూరం రెండేళ్లయింది.

విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాళ్ల సంగతి ఇంకా కష్టం. గడువు దాటితే రోజుకి 50 దిర్హాముల జరిమానా. ఏడాదికి 18,250 దిర్హాములు. అది కట్టలేక, తిరిగి రాలేక దాక్కుని పనిచేసేవాళ్లని మనవాళ్లే ‘కల్లివెల్లి’ అని పిలుస్తారు. వాళ్లకి విమానం రోజూ కనిపిస్తుంది, ఎక్కడానికి ఉండదు. 2018లో, మళ్లీ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా యూఏఈ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అలాంటివాళ్లు జరిమానా లేకుండా ఇళ్లకి రాగలిగారు.

అసలు పరీక్ష ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు వస్తుంది. చట్టం ప్రకారం భార్య లేదా భర్త చనిపోతే ఐదు రోజులు, తల్లి, తండ్రి, పిల్లలు, తోబుట్టువులు పోతే మూడు రోజులు జీతంతో సెలవు. మూడు రోజులు అంటే 72 గంటలు. మనం లెక్కేసిన 15 గంటల ప్రయాణం రానుపోను 30 గంటలు తినేస్తుంది. మిగిలింది 42 గంటలు. అదీ వెంటనే టికెట్ దొరికి, పాస్‌పోర్ట్ చేతిలో ఉంటేనే. ఇంటి ముందు ఫ్రీజర్ బాక్స్ పెట్టి, “కొడుకు బయల్దేరిండా?” అని ఊరంతా అడుగుతుంటుంది. ఎన్నోసార్లు ఆ కొడుకు వీడియో కాల్‌లోనే తలకొరివి చూస్తాడు.

అక్కడ మనిషి పోతే దూరం ఇంకా పెరుగుతుంది. బతికున్నవాడికి నాలుగు గంటలు పట్టే దారిలో శవపేటికకి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, భారత కాన్సులేట్ పత్రం, పాస్‌పోర్ట్ రద్దు, ఎంబామింగ్... ఒక్కో కాగితానికి ఒక్కో ఆఫీసు. అన్నీ అయ్యాక విమానానికి పట్టేది మాత్రం మళ్లీ ఆ మూడున్నర గంటలే.

అడగాల్సిన ప్రశ్నలు

ఇదంతా చదివి దుబాయ్ పోవద్దని చెబుతున్నాననుకోకండి. ఆ దారే ఎన్నో ఇళ్లకి పైకప్పు వేసింది, పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించింది. ఈ వ్యాసం చదువుతున్న మీలో కొందరి ఫోన్ కూడా గల్ఫ్ నుంచి వచ్చిందే అయి ఉండొచ్చు. అయితే ఆ దూరాన్ని కొంత తగ్గించే పనులు మన చేతిలోనే ఉన్నాయి.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ కిందికి వస్తుంది. వాళ్లు యూఏఈ లాంటి 18 దేశాలకి పనికి పోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. దానికోసం హైదరాబాద్‌లోనే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు ఉంది. ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఈ దారిలో పోయేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పనికి పోతే ఇవేవీ వర్తించవు. యజమాని పాస్‌పోర్ట్ లాక్కుని దగ్గర పెట్టుకోవడం యూఏఈ చట్టం ప్రకారం తప్పు. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే చాలు, ఆ 72 గంటల్లో ఎంతో కొంత మిగులుతుంది.

రేపు మీ అన్నో, మీ దోస్తో, పక్కింటి మామో “దుబాయి పోతున్న” అంటే, విమానం ఎన్ని గంటలని అడగకండి. అది గూగుల్ చెబుతుంది. “టికెట్ ఎన్నేండ్లకోపారి ఇస్తరు? పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంటది? వీసా ఏది?” అని అడగండి. ఆ మూడింటికీ సరైన జవాబు ఉంటే దుబాయి నిజంగానే నాలుగు గంటల దూరం.